ఆ సొరుగు ఒక్కసారి తెరిచి ఉంటే

మూడు రోజుల కొండ నడకలో మొదటి రెండు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. వాన పడలేదు, దారి బాగుంది, దిగిన రెండు చోట్లా వేడినీళ్లు వచ్చాయి, అక్క ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను ఇదంతా రాస్తున్నది మూడో రోజు గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ సాయంత్రం 6:10కి ఒక బల్ల ముందు నిలబడి విన్న ఒక్క మాట గురించి.

వెళ్లింది ముగ్గురం: నేను, అక్క, బావ. నా చేతి జీపీఎస్, అంటే ఎక్కడున్నామో చూపించి నడిచిన దారిని నమోదు చేసుకునే చిన్న పరికరం, ఎప్పుడూ సంచీ భుజం పట్టీకి కొక్కెంతో వేలాడుతూ ఉంటుంది. పరికరంతో వచ్చిన కొక్కెం ఎప్పుడో పోయింది, ఇది విడిగా కొన్న ప్లాస్టిక్‌ది. "దానికో దారం కూడా కట్టుకోరా" అని బావ మొదటి రోజే అన్నాడు. నేను కట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, దారి రెండుగా చీలిన చోట చూసుకుందామని చెయ్యి పెడితే పట్టీకి సగం విరిగిన కొక్కెం మాత్రమే మిగిలింది.

పోయిన చోటికి వెళ్లాలంటే వచ్చిన దారి తెలియాలి. వచ్చిన దారంతా పోయినదాని కడుపులో ఉంది. బావ నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

"ఉపగ్రహాలకు తెలియదా అది ఎక్కడుందో?" అని అక్క అడిగింది. ఈ ప్రశ్న తరవాత ఇంకో నలుగురు అడిగారు కాబట్టి ఒకసారి చెప్పేస్తాను. తెలియదు. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సమయాన్నీ తమ స్థానాన్నీ చెబుతూ పోతాయి. కనీసం నాలుగింటి మాట వినిపిస్తే మన చేతిలోది లెక్క వేసుకుని ఎక్కడున్నామో మనకు చెబుతుంది. ఎవరికీ తిరిగి ఏమీ పంపదు. ఇంట్లో రేడియో పోతే ఆకాశవాణికి ఫోన్ చేసి అడుగుతామా? ఇదీ అంతే. సందేశాలు పంపే ఖరీదైన రకాలు వేరే ఉన్నాయి, నాది అది కాదు.

బావకు తట్టిన ఉపాయం మాత్రం మంచిది. అక్క ఫోనులో ఆ పూట తీసిన ఫొటోలన్నీ వరసగా పెట్టి, నా భుజాన్ని పెద్దది చేసి చూశాం. 11:42 ఫొటోలో జీపీఎస్ ఉంది, వాగు దాటాక తీసిన 12:26 ఫొటోలో లేదు. సిగ్నల్ లేకపోయినా ఫోనులోనూ జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి రెండు ఫొటోలకూ స్థానం నమోదై ఉంది. కొండంతా వెతకాల్సిన పని రెండు చుక్కల మధ్య దారికి కుదించుకుపోయింది. వస్తువు పోతే ముందు పరుగెత్తకండి, ఫొటోలు చూడండి.

అక్క సంచులతో చెట్టు కింద ఉండిపోయింది. "ఏడింటి బస్సు పోతే మాత్రం నన్ను అనకండి" అంది. మేమిద్దరం 1:30కి వెనక్కి నడవడం మొదలుపెట్టాం. దారంతా గాలించడం దండగ, వంగిన చోట్లే చూడాలి. నీళ్లు పట్టుకున్న చోటు, బూట్ల తాడు బిగించుకున్న రాయి, సంచీ దించి ఎత్తుకున్న గట్టు, పొద చాటుకు వెళ్లిన చోటు. వాగు దగ్గర మాత్రం భయం వేసింది. ఈ పరికరాల్లో చాలావాటికి మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే రక్షణ ఉంటుంది కానీ, తేలేవి కొన్నే. నాది మునిగే రకం.

వాగు ఒడ్డున మర్రి వేళ్ల సందులో బావకు అంచు కనిపించింది. "దొరికిందిరా!" అని అరిచాడు. మట్టి దులిపి చూస్తే నాది కాదు. మోడల్ వేరు, అద్దం మీద గీతలు, వెనక చిన్న నాచు మచ్చ. ఎప్పటి నుంచి పడి ఉందో తెలియదు. వెనక మూత తిప్పి తెరిస్తే సెల్స్ కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంది. బావ దాన్ని చాకు మొనతో గీకి, పొడిగుడ్డతో తుడిచాడు. నా జీపీఎస్ కోసం మోసుకొచ్చిన రెండు పెన్సిల్ సెల్స్ అందులో పెట్టాం. మొదటిసారి వెలగలేదు. ఒక సెల్ తీసి, స్ప్రింగు కాస్త సాగదీసి మళ్లీ పెడితే వెలిగింది.

తెర మీద ముందు వచ్చింది మ్యాపు కాదు. ఒక పేరు, ఒక ఫోన్ నంబరు, దొరికితే దయచేసి చెప్పమని ఒక వాక్యం. నాకు సిగ్గేసింది. ఆరేళ్లుగా నా పరికరంలో ఆ పని చేయలేదు. గార్మిన్ కంపెనీ చేసే కొన్ని మోడళ్లలో దీనికోసం లోపల చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది, కంప్యూటర్‌కు తగిలించి రెండు ముక్కలు రాస్తే చాలు, ఆన్ చేసినప్పుడల్లా కనిపిస్తుంది. అయిదు నిమిషాల పని.

మూడింటి దాకా వెతికాం. నాది దొరకలేదు.

గట్టు మీద సిగ్నల్ రాగానే ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తింది రిటైరైన భూగోళం మాస్టారు. పరికరం పోయింది పోయిన వానాకాలంలోనట. ఆయన మొదట అడిగింది అది పనిచేస్తోందా అని కాదు. "గుర్తులు ఉన్నాయా బాబూ?" అన్నారు. ఉన్నాయి, సెల్స్ పోయినా నమోదైనవి పోవు. ఆ కొండ మీద ఎండాకాలంలో కూడా ఎండని ఊటలన్నీ ఒక్కొక్కటే గుర్తు పెట్టుకున్నారట. 212 ఉన్నాయి, నేను లెక్క చూసి చెప్పాను. అటు వైపు కాసేపు మాట రాలేదు.

ఇక మొదట్లో చెప్పిన ఆ బల్ల ఉన్న కార్యాలయం. దారి మొదట్లో పేర్లు రాయించుకుని రుసుము తీసుకునేది వాళ్లే, దిగాక సంతకం పెట్టాల్సిందీ అక్కడే. పోయిన వస్తువుల సంగతి చూసేదీ వాళ్లే అని దారి పొడవునా పలకలు పెట్టారు. లోపల ఒకే గది, కిటికీ పక్కన చెక్క బల్ల, దానికి మూడు సొరుగులు, బల్ల వెనక ఒకాయన. జీపీఎస్ పోయిందని చెప్పాను. తల ఎత్తలేదు. "రాలేదు" అన్నాడు. ఒకసారి చూస్తారా అన్నాను. "వస్తే మాకు తెలియదా?" దరఖాస్తు రాసిమ్మన్నాడు. సీరియల్ నంబరు లేకుండా తీసుకోనన్నాడు. ఆ నంబరు సెల్స్ కింద అచ్చేసి ఉంటుంది, సెల్స్ ఆ పరికరంలో ఉన్నాయి, ఆ పరికరం పోయింది. ఇది వివరించడానికి నాకు ఓపిక ఉంది, వినడానికి ఆయనకు లేదు. అక్క బయట నిలబడి గోడ మీది బోర్డును ఫొటో తీసింది: "పోగొట్టుకున్న వస్తువులకు కార్యాలయం బాధ్యత వహించదు."

మాస్టారి జీపీఎస్ అక్కడ ఇచ్చేద్దామా అని నేను ఒక్క క్షణం అనుకున్నాను. బావ నా చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

ఏడింటి బస్సు దొరికింది. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది, దిగేదాకా మాట్లాడలేదు. మర్నాడు మాస్టారే రెండు గంటలు ప్రయాణం చేసి బస్టాండుకు వచ్చారు. పరికరాన్ని చేతిలోకి తీసుకుని నొక్కుతూ కూర్చున్నారు. ఆయన మొదటి జీపీఎస్ కొన్న రోజుల్లో పౌరులకు వచ్చే సంకేతంలో, ఆ ఉపగ్రహాలను నడిపే అమెరికా కావాలనే తప్పు కలిపేది. పెట్టిన గుర్తు వంద మీటర్ల దాకా పక్కకు పోయేది. 2000 మే నెలలో అది ఆపేశారు. "ఆ నెలలో మళ్లీ కొండెక్కి ఊటలన్నీ మొదటి నుంచి పెట్టుకొచ్చాను. అంతకు ముందువన్నీ చెరిపేశాను" అన్నారు. వెళుతూ నా జీపీఎస్ ఎలా ఉంటుందని అడిగారు. వెనక నీలం టేపు అతికించి ఉంటుందని చెప్పాను. ఇంటికి వెళ్లాక పాత డబ్బా మీద సీరియల్ నంబరు దొరికితే అదీ పంపాను.

అయిదు వారాల తరవాత ఆయన ఫోన్ చేశారు. కొండకు వెళ్లి దిగుతూ ఆ కార్యాలయంలో అడిగారట. అదే మనిషి, అదే "రాలేదు". మాస్టారు కదలలేదు. "సొరుగు తెరిచి చూపించండి, లేదంటే ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. రెండో సొరుగులో నీలం టేపు కనిపించింది. సెల్స్ తీసేసి, దూది చుట్టి కొరియర్‌లో పంపారు. ఖర్చు ఎంతో చెప్పమని రెండుసార్లు అడిగినా చెప్పలేదు.

వచ్చిన రోజు రాత్రే కంప్యూటర్‌కు తగిలించాను. అసలు విషయం అక్కడ బయటపడింది. జారిపడ్డాక కూడా అది ఆగలేదు, ట్రాక్, అంటే తిరిగిన దారి గీత, రాసుకుంటూనే ఉంది. 11:58 నుంచి 12:35 దాకా వాగుకు ఇవతల ఒకేచోట ఉంది. ఆ తరవాత కదిలింది. దొరికినవాళ్లెవరో మా దారిలో కాకుండా గట్టు మీది అడ్డదారిన దిగారు, అందుకే మాకు ఎదురుపడలేదు. పాపం, నేరుగా ఆ కార్యాలయానికే తీసుకెళ్లి ఇచ్చారు. ఆఫ్ చేయడం తెలియలేదో, మరిచిపోయారో. వాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

4:31 నుంచి ట్రాక్ ఆ భవనం మీదే ఉంది. కప్పు కింద సంకేతం సరిగా అందక గీత అటూ ఇటూ ఊగి, పిల్లి ఆడిన దారపుండలా చిక్కుపడింది. మర్నాడు ఉదయం 7:50కి సెల్స్ అయిపోయేదాకా అదే ఉండ. ఫైలులో సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, ఉంటాయి కాబట్టి మన సమయానికి రెండుసార్లు మార్చి చూశాను, తప్పు లేదు. అక్క తీసిన బోర్డు ఫొటోను అదే మ్యాపు మీద పెట్టాను. దాని సమయం 6:10. చుక్క ఆ దారపుండ మధ్యలో పడింది.

మ్యాపు ప్రింటు తీసి, రెండు సమయాలకూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి, కింద సీరియల్ నంబరు రాసి ఆ కార్యాలయానికి పోస్టు చేశాను. ఇంకా జవాబు రాలేదు. ఆ ఉత్తరం ఏ సొరుగులో ఉందో.