ఎకో: అప్పటికప్పుడు పంపాలా, దాచి పంపాలా?

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతూ, సీరియల్ కేబుల్‌తో బోర్డు కలిపి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) నేర్చుకునే పిల్లలకు ఈ విషయం తప్పక చెప్పాలి. టైప్ చేసిన అక్షరం స్క్రీన్ మీద పడదు, ఎంటర్ కొడితే కమాండ్ మాత్రం నడుస్తుంది. తప్పు కీబోర్డుది కాకపోవచ్చు, ఎకోది కావచ్చు. టైప్ చేసిన అక్షరాన్ని తిరిగి స్క్రీన్ మీదికి పంపడమే ఎకో.

కీ నొక్కగానే ఎకోను నేరుగా డ్రైవర్‌కు (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌కు) పంపడం ఒక పద్ధతి. కోడ్ చిన్నది, చదవడానికి హాయి. కానీ డ్రైవర్ బఫర్ (డేటాను కాసేపు దాచే చోటు) నిండి ఉంటే ఎకో పోతుంది, ఇన్‌పుట్ మాత్రం చేరిపోతుంది. పాత లినక్స్‌లో ఇదే ఇబ్బంది.

ఎకోను విడి బఫర్‌లో దాచి, చోటు దొరికాక పంపడం రెండోది. 2009లో వచ్చిన 2.6.29 వెర్షన్ నుంచి లినక్స్‌ది ఈ దారే. ఇందులో ట్యాబ్ (కర్సర్‌ను తర్వాతి నిర్ణీత గడికి దూకించే అక్షరం) చెరిపే తీరు చూసి తీరాలి. కర్సర్ ఎన్ని గడులు వెనక్కి రావాలో ఆ ట్యాబ్ ఏ గడిలో మొదలైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈలోగా ప్రోగ్రామ్ ఏదైనా ప్రింట్ చేస్తే ముందు వేసిన లెక్క చెడుతుంది. అందుకే బఫర్‌లో బ్యాక్‌స్పేస్‌లు పెట్టరు, ‘ట్యాబ్ చెరుపు’ అనే ఆదేశం పెడతారు. లెక్క అవుట్‌పుట్ వేళ తేలుస్తారు.

మెమరీ, లాక్‌ల (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాల) బాధ రెండోదానికి ఎక్కువే. ప్రాక్టీసుకు రాసే బుల్లి కెర్నల్‌కు మొదటిది చాలు. నిజంగా వాడే సిస్టమ్‌కైతే నా ఓటు రెండోదానికే.