కంపు పురుగుల పనికి కొన్న స్టీరియో మైక్రోస్కోప్: వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఇది పిల్లలకి ఉల్లిపొర చూపించే మైక్రోస్కోప్ కాదు. హర్యానాలో సైన్స్ పరికరాలు తయారుచేసే అంబాలా ఊరి సరుకు. ట్రైనాక్యులర్ స్టీరియో జూమ్, 7 నుంచి 45 రెట్లు, పైన కెమెరా బిగించుకునే గొట్టం. కెమెరాతో కలిపి దాదాపు 40 వేలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే బాడీని రకరకాల స్టిక్కర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరుకన్నా ఏం చూసుకుని కొనాలో చెబితేనే ఉపయోగం.

నేను జువాలజీ లెక్చరర్ని. పలాస చుట్టుపక్కల జీడితోటల్లో కంపు పురుగులు (ఇంగ్లీషులో స్టింక్ బగ్స్) పట్టడం నా పిచ్చి. వాటిలో ఒక గోధుమరంగు పురుగు, పట్టుమని 8 మిల్లీమీటర్లు లేదు, దేనితోనూ సరిపోలడం లేదు. మన దేశంలో నల్లి, కంపు పురుగుల వర్గం కీటకాల మీద ఇంగ్లండ్ కీటక శాస్త్రవేత్త డిస్టంట్ 1902లో వేసిన సంపుటం దగ్గర పెట్టుకుని చూసినా సగం దారిలో ఆగిపోతున్నాం. మా స్టూడెంట్స్ అయితే కొత్త జాతే అని స్వీట్లు కూడా అడిగేశారు. అంత వీజీ కాదు నాయనా! ముందు వర్ణన రాయాలి. మీసంలో ఉన్న ఐదు కణుపులూ ఒక్కొక్కటి ఎంత పొడవు, రసం పీల్చే ముక్కు ఏ కాళ్ల దాకా వచ్చింది, కంపు గ్రంథి రంధ్రం ఏ ఆకారంలో ఉంది, మగపురుగు జననాంగాలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ కావాలి. రంగు సంగతి ఆఖరున. రంగును నమ్ముకుంటే మునిగినట్టే. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో పేరు పెట్టిన నెజారా విరిడ్యులా అనే ఆకుపచ్చ కంపు పురుగు సంగతే తీసుకోండి. కొన్ని ఒళ్లంతా పచ్చగా ఉంటాయి, కొన్నిటికి తల దగ్గర పసుపు పట్టీ ఉంటుంది. పట్టీ ఉన్నవాటిని ఒకప్పుడు వేరే జాతి అనుకుని వేరే పేరే పెట్టారు.

ఈ పనికోసమే కొన్నాను కాబట్టి మార్కులు కూడా ఈ లెక్కలోనే వేస్తున్నా.

అద్దాలకు వంక పెట్టలేను. 7 రెట్లలో సుమారు 28 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. పురుగు, పిన్ను, లేబుల్ మూడూ ఒకేసారి కంటికి ఆనతాయి. 45కి పెంచితే 4 మిల్లీమీటర్లు పైచిలుకే. అప్పుడు తలా భుజాలూ మాత్రమే కనిపిస్తాయి, కానీ వీపు మీద సూదితో పొడిచినట్టుండే గుంటలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. అద్దానికీ పురుగుకీ మధ్య దాదాపు 10 సెంటీమీటర్ల జాగా ఉంటుంది. వేడినీళ్లలో నానబెట్టిన మగపురుగు జననాంగాలుండే తోక చివరి కణుపును ఫోర్సెప్స్‌తో లాగాలంటే ఆ జాగా ఉండాల్సిందే. దాన్ని రాత్రంతా పదిశాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉంచి, కడిగి, గ్లిసరిన్‌లో వేసి చూస్తే కొక్కేల ఆకారం వరకూ తెలుస్తుంది. లోపలి సన్న వివరాలకు మాత్రం ఇంకా ఎన్నో రెట్లు పెంచి చూపే కాంపౌండ్ మైక్రోస్కోప్ దగ్గరకు పోవాల్సిందే.

నా అసలు ఫిర్యాదు జూమ్ నాబ్ మీద. దానికి క్లిక్ లేదు. 1, 2, 3 అని గీతలు ముద్రించారు గానీ నాబ్ ఆ గీత దగ్గర ఆగదు. కంటి అద్దంలో వేసుకునే స్కేలు విలువ జూమ్‌తో పాటు మారిపోతుంది. నాబ్ వెంట్రుకవాసి జరిగినా మీసం కొలత తప్పే. మీసం రెండో కణుపు పెద్దదా మూడోదా అన్నదాని మీదే జాతులు విడిపోయే గుంపులో ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు కొలతలన్నీ నాబ్ పూర్తిగా ఆగిపోయే రెండు కొసల దగ్గరే తీస్తున్నా. సన్నటి కొలత గీతలు చెక్కిన గాజుపలక, అంటే స్టేజ్ మైక్రోమీటర్‌తో ఆ రెండు చోట్లా సరిచూసుకున్నా, తేడా రావడం లేదు. మధ్యలో ఉన్నదంతా చూడ్డానికే, కొలవడానికి పనికిరాదు.

రెండోది లైటు. చుట్టూ వెలిగే ఎల్ఈడీ రింగ్ ఇచ్చారు. నున్నటి పురుగును కింద పెడితే వీపు మీద తెల్లటి చుక్కల దండ తప్ప ఇంకేం కనబడదు. ట్రేసింగ్ పేపర్‌ను గొట్టంలా చుట్టి పురుగు చుట్టూ నిలబెడితే ఆ మెరుపు పోతుంది. కంపు గ్రంథి దగ్గర మాత్రం దీనికి వ్యతిరేకం. పెద్ద పురుగుకు ఆ రంధ్రం కింది వైపు, మధ్య కాళ్లకూ వెనక కాళ్లకూ నడుమ ఉంటుంది (పిల్ల పురుగులకైతే వీపు మీదే). దాని చుట్టూ ముడతలు పడిన మెరుపులేని చర్మం ఉంటుంది, కారిన ద్రవం అక్కడ పరుచుకుని ఆవిరవుతుంది. ఆ ముడతలు కనబడాలంటే లైటు పక్క నుంచి, బాగా కిందగా పడాలి. అన్ని వైపుల నుంచీ ఒకేలా వెలిగే రింగ్ కింద అవి చదునైపోతాయి. నేను రింగ్ ఆర్పేసి మా అమ్మాయి స్టడీ ల్యాంప్ వాడుతున్నా. అన్నట్టు, బతికున్న పురుగును అద్దం కింద పెట్టకండి. రూమంతా నలిపిన కొత్తిమీర కంపు కొడుతుంది. రెండిట్లోనూ ఉండేది ఇంచుమించు ఒకే రకం ఆల్డిహైడ్లు. మా అటెండర్ ఇప్పటికీ ఆ రూమ్‌లో టీ తాగడు.

కెమెరా పర్వాలేదు. కంటికి కనిపించినంత మేర ఫొటోలో రాదు, వైట్ బ్యాలెన్స్ చేతితో పెట్టుకోకపోతే గోధుమరంగు కాస్తా పచ్చగా తిరుగుతుంది. ఫోకస్ కొద్దికొద్దిగా మారుస్తూ వరసగా ఫొటోలు తీసి, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలిపితే నిపుణులకు పంపదగ్గ బొమ్మ వస్తుంది. డిస్టంట్ వర్ణించిన చాలా పురుగుల అసలు నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటితో పోల్చి చూసేదాకా మా పురుగు కొత్తదని అనలేం. మనకి అక్కడికి వెళ్లే బడ్జెట్ ఎలాగూ లేదు, కాబట్టి ఫొటోలే దిక్కు.

కెమెరా బరువుకి మైక్రోస్కోప్ తల మెల్లగా కిందికి జారుతుండేది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మెకానిక్‌ని పంపిస్తాం సార్, విజిటింగ్ చార్జి అవుతుంది" అన్నాడు. అక్కర్లేదు. ఒకవైపు ఫోకస్ నాబ్ గట్టిగా పట్టుకుని రెండోవైపుది తిప్పితే బిగుస్తుంది.

ఐదుకి మూడున్నర. ల్యాబ్‌లో పిల్లలకి చూపించడానికే అయితే ఇంత ఖర్చు దండగ, మంచి చేతి లెన్స్ చాలు. పురుగులు కొలిచేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు జూమ్‌కి క్లిక్ ఉందా, రింగ్ లైటు సగం ఆర్పుకోవచ్చా అని అడగండి. రెండో ప్రశ్నకి నాకొచ్చిన జవాబు: "లైటు ఆర్పితే ఏం కనబడుతుంది సార్?"