‘లేడీస్ స్పెషల్ కాంబో’ టికెట్లు కొనబోయేవారికి హెచ్చరిక

కథానాయిక ప్రధానంగా తీసిన ఒక ప్రతీకార యాక్షన్ చిత్రానికి తిరుపతిలో ‘లేడీస్ స్పెషల్ కాంబో’ పేరుతో టికెట్లు అమ్మారు. మామూలు ధరకు దాదాపు రెట్టింపు తీసుకుని, ప్రత్యేక ప్రదర్శన, పాప్‌కార్న్, ఆట ముగిశాక కథానాయికతో ముఖాముఖి ఉంటాయని కరపత్రంలో అచ్చువేశారు. మా వీధి ఆడవాళ్లమందరం కలిసి కొన్నాము. ఇదే కాంబోను వచ్చే వారం చిత్తూరులోనూ అమ్మబోతున్నారని తెలిసినందున అక్కడివారు డబ్బు కట్టకముందే ఈ సంగతులు చదవాలని కోరుతున్నాను.

పోస్టరులో ముగ్గురు స్త్రీలు సరిసమానంగా నిలబడి ఉంటారు: కొడవలి పట్టిన కథానాయిక, శ్రీకాళహస్తి వైపు యానాది కాలనీకి చెందిన యువతి, చెవులు వినిపించని బాక్సర్. ‘అన్ని వర్గాల ఆడబిడ్డల పగ’ అన్న మాటను ముగ్గురి కింద పెద్ద అక్షరాలతో వేశారు. మేము రెట్టింపు ధర పెట్టింది ఆ మాటను చూసే.

తెర మీద జరిగింది వేరు. యానాది యువతి పేర్లు పడటం ముగియకముందే హత్యకు గురవుతుంది. ఆ తరువాత గోడ మీద ఫోటోగా తప్ప ఆమె కనిపించదు, ఆమె తల్లిదండ్రులు ఎవరో, ఆమె ఏమి కోరుకున్నదో చెప్పే సన్నివేశం ఒక్కటి కూడా లేదు. పైగా తెల్లని నటికి నల్లరంగు పూసి ఆ పాత్ర వేయించారు. స్వర్ణముఖిలో ఆమె దోసిలితో నీళ్లు ఎత్తుకునేటప్పుడు జాకెట్టు చేయి పైకి జరిగి, మోచేతి దాకా ఒక రంగు, ఆ పైన మరొక రంగు స్పష్టంగా కనిపించాయి. ఇంత డబ్బు పోసి సినిమా తీసినవారికి ఆ తెగలో నటించగల అమ్మాయే దొరకలేదంటే నేను నమ్మను.

బాక్సర్ పాత్రకు ఒక మంచి పోరాటం ఉంది. ఆమెకు వినిపించనట్లే మనకూ శబ్దమంతా ఆపేసి తీసిన ఆ రెండు మూడు నిమిషాలు నిజంగా బాగున్నాయి. ఆ తరువాత ఆమెను కట్టేసి, ఎవరో వచ్చి విడిపించేదాకా మూలన కూర్చోబెట్టారు. ఇక భాష సంగతి: కథానాయిక పుట్టింది పుత్తూరులో అని చెప్పి ఆమె చేత వార్తలు చదివినట్లు మాట్లాడించారు, ‘ఏందబ్బా’, ‘యాడికి పోతా ఉండావు’ అనేవాళ్లందరూ రౌడీలో, నవ్వించేవాళ్లో. పతాక సన్నివేశంలో విలన్‌ను చంపేది అతిథి పాత్రలో దిగిన ఒక హీరో.

1985లోనే ‘ప్రతిఘటన’లో లెక్చరర్ ఝాన్సీ గొడ్డలిని తన చేతులతో ఎత్తింది. 2003లో వచ్చిన ‘కిల్ బిల్’ మొదటి భాగంలో కథానాయికకు శత్రువైన ఓ-రెన్ ఇషీకి సైతం తల్లిదండ్రులను చంపినవాడి మీద పగ తీర్చుకున్న గతాన్ని యానిమేషన్‌లో వివరంగా చూపారు. ఇక్కడ శత్రువు మాట అటుంచి, పోస్టరు మీద నిలబెట్టిన స్త్రీకే గతం లేదు.

ట్రైలరును ఇప్పుడు మళ్లీ చూస్తే యానాది యువతికి ఒక్క మాట కూడా లేదని తెలుస్తుంది. చిత్తూరువారు ముందుగా అది గమనించండి; మామూలు ఆట చూసి వచ్చినవారిని అడిగిన తరువాతే కాంబో సంగతి ఆలోచించండి.

కథ గురించిన ప్రచారం నమ్మి మోసపోయామంటే డబ్బు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ‘ఫ్యాన్’ చిత్రం ప్రచారంలో చూపిన పాట సినిమాలో లేదని ఒక ప్రేక్షకురాలు వేసిన కేసులో, ప్రచార ట్రైలరు కొనుగోలుదారుకు ఇచ్చిన వాగ్దానం కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. అయితే కరపత్రంలో అచ్చువేసి, డబ్బు తీసుకుని, జరపకుండా వదిలేసిన ముఖాముఖి అలాంటిది కాదు, అది సేవాలోపమే. ఆట అయ్యాక అరగంట కూర్చోబెట్టి, మేడమ్‌కు షూటింగ్ ఉందని చెప్పి పంపించేశారు. అందువల్ల కరపత్రాన్నీ, యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్‌నూ పారేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు, 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్లకు రుసుము లేదు.

మేము ముఖాముఖి కోసం కట్టిన అదనపు సొమ్ము వరకే అడుగుతూ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాము. టికెట్లు అమ్మిన నిర్వాహకుడు ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.