లిబ్రెఆఫీస్ కోడ్‌లో పేర్లు: ఎనిమిదేళ్లు వాడాక

మా బామ్మర్దికి హనుమకొండ చౌరస్తా దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, బాండ్ పేపర్ల మ్యాటర్, డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు చేస్తుంటాడు. ఎనిమిదేళ్ల కింద వాడి కోసం లిబ్రెఆఫీస్‌లో (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఒక మాక్రో, అంటే పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం, రాశాను. పత్రికలోని పేర్లన్నిటినీ ఒక్క దెబ్బకు మండలి ఫాంట్‌లోకి మార్చడం దాని పని. రాసిచ్చి ఇంటికి పోయానో లేదో ఫోన్. "బావా, పిలగాని పేరు మారలే. పక్కన ఇంగ్లీషుల ఉన్న బీటెక్ ఒక్కటే మారింది."

రెండు రోజులు తల పట్టుకున్నాను. తప్పు నా లెక్కలో లేదు, పేరులో ఉంది. ఫాంట్ మార్చడానికి నేను వాడిన ప్రాపర్టీ పేరు 'చార్‌ఫాంట్‌నేమ్'. పేరు చూస్తే ఏ అక్షరానికైనా పనిచేస్తుందనే అనుకుంటాం. కానీ అది ఇంగ్లీషు లాంటి పాశ్చాత్య లిపులకే. చైనీస్, జపనీస్, కొరియన్ లిపులకు 'చార్‌ఫాంట్‌నేమ్‌ఏషియన్' అని వేరే ఉంది. తెలుగుకు 'చార్‌ఫాంట్‌నేమ్‌కాంప్లెక్స్' వాడాలి. అక్షరం సైజుకూ, బోల్డుకూ ఇదే కథ, ప్రతిదానికీ మూడు పేర్లు.

వత్తులు, గుణింతాలు కలిపి పేర్చాల్సిన లిపి కాబట్టి మనల్ని అరబిక్, హీబ్రూ, థాయ్‌లతో పాటు 'కాంప్లెక్స్' గూట్లో పెట్టారు. అందులో అర్థముంది, ఒప్పుకుంటాను. కానీ ఆసియాలో ఉన్న మనం 'ఏషియన్' కాదట! చిత్రమేమిటంటే కోడ్ లోపలికి వెళితే అక్కడ ఏషియన్ అనే మాటకు బదులు 'సీజేకే' అని ఉంటుంది. చైనీస్, జపనీస్, కొరియన్ అని స్పష్టంగా తెలిసిపోతుంది. లోపల సరిగ్గా పెట్టుకున్న పేరును బయటి వాళ్లకు ఇచ్చేటప్పుడు పాడు చేశారు. పాశ్చాత్య లిపికి మాత్రం లోపలా బయటా ఏ తోకా లేదు. అది ఇంటి మనిషి, మిగతావాళ్లు చుట్టాలు అన్నట్టు. ఈ ఒక్క విషయంలో నాకు ఇంకా కోపం తగ్గలేదు.

ఆ కోపంతోనే, అందరికీ తెరిచి ఉండే లిబ్రెఆఫీస్ అసలు కోడ్ చదవడం మొదలుపెట్టాను. లక్షల కొద్దీ వరుసల సీప్లస్‌ప్లస్. మొదటి నెల ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక సూత్రం దొరికింది: ఇక్కడ కూడా మనలాగే ఇంటిపేరు ముందు. పత్రాలు రాసే రైటర్‌కు సంబంధించిన క్లాసులు, అంటే కోడ్‌లోని పెద్ద ముక్కలు, చాలావరకు 'ఎస్‌డబ్ల్యూ'తో, లెక్కల పట్టికలు చేసే క్యాల్క్‌వి 'ఎస్‌సీ'తో, స్లైడ్లు, బొమ్మలు చేసే ఇంప్రెస్, డ్రాలవి 'ఎస్‌డీ'తో మొదలవుతాయి. ఆ 'ఎస్' అంటే స్టార్. ఈ సాఫ్ట్‌వేర్‌కు మూలం తయారుచేసిన, 1985లో జర్మనీలో మొదలైన స్టార్ డివిజన్ కంపెనీ పెట్టిన ఇంటిపేరు అది. వేరియబుళ్లదీ (విలువలు దాచుకునే పేర్లు) అదే పద్ధతి: అంకె అయితే 'ఎన్', అవును-కాదు అయితే 'బీ', మెమరీలో చోటును చూపే పాయింటర్ అయితే 'పీ' ముందు వస్తాయి. దీన్ని హంగేరియన్ పద్ధతి అంటారు. దాన్ని తెచ్చిన ప్రోగ్రామర్ చార్లెస్ సిమోనీది హంగేరీ. అక్కడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. అది తెలిశాక ఈ కోడ్ కాస్త మనదే అనిపించింది.

అయితే ఇంటిపేరు చూసి మనిషిని నమ్మలేం. 'ఎక్స్'తో మొదలయ్యే పేరు కనిపిస్తే అది ఊనో ఇంటర్‌ఫేస్ (మాక్రోల వంటి బయటి ప్రోగ్రాములు లిబ్రెఆఫీస్‌తో మాట్లాడే దారి) అని నేర్చుకున్నాను. తర్వాత డైలాగ్ బాక్సుల కోడ్ మార్చినప్పుడు బటన్లకూ, లిస్టులకూ 'ఎమ్‌ఎక్స్' అనే పెట్టారు. అవి ఊనో కావు. ఇప్పుడు 'ఎక్స్' కనిపిస్తే ఆ పేరును మొదట ప్రకటించిన డిక్లరేషన్ దాకా వెళ్లి చూడాల్సిందే.

పొట్టి పేర్ల బాధ వేరు. 'ఎస్‌డబ్ల్యూపామ్' అని ఒక క్లాసు ఉంది. నా స్క్రీన్ చూసి బామ్మర్ది "గీ పాము ఏంది బావా" అన్నాడు. పాయింట్ అండ్ మార్క్ అట, అంటే సెలెక్షన్‌కు రెండు కొసలు. తెలిశాక మరిచిపోం కానీ తెలిసేదాకా పామే.

పాత పేర్లను బాగు చేసిన తీరుకు మాత్రం మంచి మార్కులు వేస్తాను. 'టీఎక్స్‌టీ'ని 'టెక్స్ట్'గా, 'ఎఫ్ఆర్ఎమ్'ను 'ఫ్రేమ్'గా చాలాచోట్ల మార్చారు. ఏళ్ల తరబడి ఉన్న జర్మన్ కామెంట్లను వాలంటీర్లు ఇంగ్లీషు చేశారు, వాటిని వెతకడానికి ఒక స్క్రిప్టే ఉంది. కానీ ఫైళ్ల పేర్లు అలాగే వదిలేశారు. 'ఎస్‌డబ్ల్యూటెక్స్ట్‌నోడ్' కోసం వెతికితే అది 'ఎన్‌డీటీఎక్స్‌టీ' అనే ఫైల్లో ఉంటుంది.

మూకుమ్మడిగా పేర్లు మార్చడం ఎంత టెన్షనో షాపులోనే చూశాను. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. బామ్మర్ది తన అఫిడవిట్ నమూనాలన్నిటిలో 'వరంగల్'ను 'హనుమకొండ'గా ఫైండ్-రీప్లేస్ కొట్టాడు. మర్నాడు ఒక కస్టమర్ ఖిలా వరంగల్ కాస్తా ఖిలా హనుమకొండ అయిన కాగితం పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు కాగితం మీద 'వరంగల్ జిల్లా' అని ఉంటే ఏ ఏడాదిదో చూడకుండా ఏ జిల్లానో చెప్పలేం. కోడ్‌లోనూ ఇదే బాధ. 'ఫ్రేమ్' పేరుతో ఉన్న వరుసకు గిట్ బ్లేమ్ చేస్తే, అంటే ఆ వరుసను చివరిగా ఎవరు మార్చారని అడిగితే, పేరు మార్చిన కమిట్ (నమోదైన మార్పు) దగ్గరే ఆగుతుంది, అసలు రాసిన కారణం దానికి వెనకాల ఉంటుంది. ఒక మెట్టు దిగి చూడటం అలవాటు చేసుకున్నాను.

అస్సలు మారని పేరు ఒకటుంది. మాక్రోల్లో ప్రతిచోటా 'కామ్.సన్.స్టార్' అని రాయాలి. స్టార్ డివిజన్‌ను 1999లో సన్ అనే కంపెనీ కొన్నది, సన్‌ను 2010లో ఒరాకిల్ కొన్నది, అదే ఏడాది సన్ నడిపిన ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్ విడిపోయింది. అంటే లేని రెండు కంపెనీల పేరు మా పెళ్లి పత్రికల మాక్రోలో రోజూ నడుస్తోంది. తీసేస్తే పాత మాక్రోలన్నీ ఒక్కరోజులో పడిపోతాయి, మా షాపుదీ పోతుంది, అందుకని వద్దనే అంటాను. 'ఏషియన్' అనే పేరు బాగుపడకపోవడానికీ కారణం ఇదే అనుకుంటాను. లోపలి పేరును పది మంది కూర్చుని మార్చుకోవచ్చు. బయటికి వెళ్లిన పేరు ఎవరెవరి ఫైళ్లలో ఉందో ఎవరికి తెలుసు?

ఈ పేర్లకు మొత్తం మీద ఐదుకు మూడున్నర మార్కులు. కోడ్ లోపలి పేర్లకైతే నాలుగు ఇచ్చేవాణ్ని.

ఇప్పుడు నా మాక్రోల్లో ఫాంట్ వరుస ఎక్కడున్నా మూడుసార్లు ఉంటుంది. మొన్న షాపులో కొత్తగా చేరిన పిల్లవాడు అది చూసి రెండు వరుసలు ఎక్కువున్నాయని తీసేశాడు. సాయంత్రానికి బామ్మర్ది ఫోన్: "బావా, మళ్ల బీటెక్ ఒక్కటే మారింది."