శాంతోరీనిలో సూర్యాస్తమయం ఒకచోట, భోజనం ఇంకోచోట

శాంతోరీని వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందు చెప్పే మాట ఒకటే: సూర్యాస్తమయాన్నీ టేస్టింగ్ మెనూనీ (వరసగా ఒక్కొక్కటిగా వడ్డించే చిన్న చిన్న వంటకాల భోజనం) ఒకే టేబుల్ దగ్గర పెట్టుకోకండి. రెండింటికీ న్యాయం జరగదు.

ఈ గ్రీకు దీవిలో సూర్యాస్తమయం అనగానే అందరూ ఇయా అనే ఊరికే పరిగెడతారు. ఊరి చివర శిథిలమైన పాత కోట దగ్గర చోటు దొరకాలంటే చాలా ముందే వెళ్లి కూర్చోవాలి. సూర్యుడు మునగగానే జనం చప్పట్లు కొడతారు, ఆ క్షణం బాగుంటుంది. కానీ మరు నిమిషమే అంతమందీ ఒకేసారి సన్నటి సందుల్లోంచి బస్సు వైపు కదులుతారు. పెద్దవాళ్లతో వెళ్తే అది టెన్షనే. మాతో అత్తయ్య ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అక్కడే ఒక రెస్టారెంట్‌లో ‘సన్‌సెట్ టేబుల్’ అని ముందే అదనంగా డబ్బు తీసుకుని, తీరా వెళ్లాక స్తంభం పక్కన కూర్చోబెట్టారు. ప్లేటు వచ్చేసరికి అందరూ ఫోన్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. వేడిగా తినాల్సినవి చల్లారిపోయాయి. వండినవాళ్ల కష్టం చూస్తే బాధేసింది.

మాకు మనసు నిండింది ఇమెరోవిగ్లి అనే ఊళ్లో. దీవిలోని ముఖ్య పట్టణం ఫిరా నుంచి ఫిరోస్తెఫాని అనే ఊరి మీదుగా కొండ అంచునే నడిచి వెళ్లొచ్చు. ఇమెరోవిగ్లి సముద్రానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. సుమారు 3,600 ఏళ్ల క్రితం అగ్నిపర్వతం పేలి, దీవి నడిభాగం కూలిపోయి సముద్రంలో కలిసిపోయింది. ఎదురుగా కనిపించే తిరాసియా అప్పటి దీవిలో మిగిలిన ముక్క. మధ్యలో నల్లగా కనిపించేది నేయా కమేని అనే చిన్న దీవి, తర్వాతి లావాతో పైకి లేచింది. సెప్టెంబరులో ఇక్కణ్ణుంచి చూస్తే సూర్యుడు తిరాసియా వెనక్కి దిగుతాడు. టికెట్ లేదు, తోపులాట లేదు. గట్టు మీద కూర్చుంటే చాలు. శాలువా మాత్రం మర్చిపోవద్దు, ఆ గాలి మామూలుగా ఉండదు.

బస గురించి రెండు మాటలు. కొండ అంచున తొలిచిన గుహ గదులు చల్లగా ఉంటాయి, ఫొటోల్లో అందంగానూ ఉంటాయి. కానీ వెలుతురంతా ముందు వైపు నుంచే, మెట్లు విపరీతం, అద్దె ఇంకా విపరీతం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఫిరా పక్కనే ఉన్న కార్తెరాదోస్ లాంటి ఊళ్లో దిగడం మేలు. బస్సులన్నీ ఫిరాలోనే కలుస్తాయి కాబట్టి ఎటు వెళ్లాలన్నా సులువు.

ఇక భోజనం. సెప్టెంబరు చివర్లో ఏడుంబావుకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది. జూన్‌లో అయితే ఎనిమిదిన్నర దాటాలి. మేము సూర్యాస్తమయం చూసుకుని, తీరిగ్గా దీవి మధ్యలో గుట్ట మీదున్న పీర్గోస్‌కు వెళ్లాం. ఒక చిన్న రెస్టారెంట్, పెరట్లో కొన్ని టేబుళ్లు. అత్తయ్యా నేనూ శాకాహారులమని బుకింగ్ అప్పుడే చెప్పాం. ఇక్కడ ఒక జాగ్రత్త: ఉపవాసపు వంటకం అని ఇచ్చే ‘నిస్తీసిమా’లో మాంసం, పాలు ఉండవు గానీ ఆక్టోపస్, గవ్వజాతి సముద్రజీవులు ఉండొచ్చు. విడిగా అడగాలి.

మొదట ఎండబెట్టిన చిన్న టమాటాలు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు), రొట్టె పెట్టారు. ఈ టమాటాలకు నీళ్లు పెట్టరట. అగ్నిపర్వతపు బూడిద నేల పట్టుకున్న తేమతోనే కాస్తాయి. అందుకే తోలు మందం, పులుపూ తీపీ రెండూ ఘాటు. తర్వాత ఫావా వచ్చింది. పసుప్పచ్చని పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె, మగ్గబెట్టిన ఉల్లిపాయ. అత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “అచ్చం మన ముద్దపప్పేనమ్మా, ఇంగువ ఒక్కటే లేదు” అన్నారు. మళ్లీ అడిగి వేయించుకున్నారు. కాల్చిన తెల్ల వంకాయలో గింజలు తక్కువ, చేదు అసలు లేదు. దాని మీద ఇక్కడి మేకపాల చీజ్, క్లోరోతీరి, కాస్త పుల్లగా. మావారికి చేప వచ్చింది, బాగుందన్నారు.

ఒక్కో ప్లేటు మధ్య తగినంత సమయం ఇచ్చారు. తెచ్చిన అమ్మాయి ప్రతిదీ ఎక్కడ పండిందో ఓపిగ్గా చెప్పింది. అసిర్తికో ద్రాక్ష తీగల్ని గాలికి తట్టుకునేలా నేల మీదే గంపల్లా అల్లుతారని ఆమె చెబితేనే తెలిసింది, మర్నాడు తోటల్లో చూశాం. చివర్లో విన్‌సాంతో, ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి వైన్. అత్తయ్యకు వైన్‌కు బదులుగా అంజీర పండ్లు పెట్టారు.

ఈ దీవిలో టాక్సీలు చాలా తక్కువ. రాత్రి భోజనానికి బుక్ చేసేటప్పుడే తిరుగు ప్రయాణానికి బండి కూడా రెస్టారెంట్ వాళ్లనే పిలిపించమనండి. మాకు వాళ్లే మాట్లాడిపెట్టారు, చెప్పిన రేటుకు ఒక్క యూరో కూడా ఎక్కువ అడగలేదు.