బస్సు మీద బస్సు వస్తే రైలుకెంత నష్టం? రెండు లాజిట్ లెక్కలలో ఏది మేలు?

పర్లాకిమిడి నుంచి టెక్కలి వెళ్లవలసిన మనిషికి గుణుపురం–నౌపడా లైను మీది రైలు ఉంది, బస్సు ఉంది, షేర్ ఆటో ఉంది. ఛార్జీ ఐదు రూపాయలు పెరిగితే వీటిలో దేన్ని ఎందరు వదులుకుంటారో అంచనా వేయడానికి మల్టినోమియల్ లాజిట్, నెస్టెడ్ లాజిట్ అనే రెండు పద్ధతులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మన సరిహద్దు ఊళ్లకు మొదటిది చాలదని నా అభిప్రాయం.

అలాగని దాన్ని తీసిపారేయలేము. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైళ్లు మొదలు కాకముందే, పనులకు వెళ్లేవారిలో 6.3 శాతం మంది వాటిని ఎక్కుతారని డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం ఈ పద్ధతితో లెక్కగట్టింది. అధికారుల అంచనా 15 శాతం కాగా చివరికి తేలింది 6.2 శాతం. ఆయనకు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. ప్రయాణ సమయానికీ ఛార్జీకీ జనం ఇచ్చే బరువులను ఇది విడివిడిగా తేలుస్తుంది. నిమిషానికి 0.03, రూపాయికి 0.02 బరువు వచ్చిందనుకుంటే, ఆ ప్రయాణికుడి దృష్టిలో నిమిషం విలువ రూపాయిన్నర, గంట విలువ 90 రూపాయలు.

చిక్కల్లా ఒకే రకం బండి మరొకటి వచ్చినప్పుడే. రైలుకు సగం మంది, బస్సుకు సగం మంది ఉన్న దారిలో అదే ఛార్జీతో, అదే వేగంతో, రంగు మాత్రమే వేరైన ఇంకో బస్సు వేస్తే, మల్టినోమియల్ లెక్క మూడు బండ్లకూ తలా మూడో వంతు పంచి, రైలు వాటాను 33 శాతానికి దించేస్తుంది. బస్సు రంగు చూసి రైలు దిగిపోయేవాడు ఎక్కడుంటాడు?

నెస్టెడ్ లాజిట్ బస్సులను ఒక గూటిలో, రైలును వేరే గూటిలో పెట్టి, గూటిలోని బండ్ల పోలికను సున్నాకూ ఒకటికీ మధ్య ఉండవలసిన ఒక గుణకంతో కొలుస్తుంది; అది ఎంత తగ్గితే పోలిక అంత ఎక్కువని అర్థం. పై ఉదాహరణలో అది 0.5 అయితే రైలుకు 41 శాతం మిగులుతుంది. సున్నాకు చేరువైతే రైలు వాటా దాదాపు సగం దగ్గరే నిలిచి, రెండు బస్సులూ మిగిలిన సగాన్ని పంచుకుంటాయి.

పాతపట్నంలో సర్వే కార్డు పట్టుకుని నిలబడిన రోజు, వంకాయల గంపతో ఉన్న ఒకావిడను రైలెందుకు ఎక్కరని అడిగాను. “రైలొచ్చీసరికి సంత అయిపోద్ది బాబూ” అని, ముందుగా వచ్చిన ఆటో ఎక్కేసింది. బస్సే ముందొస్తే బస్సే ఎక్కేది. ఆమె మనసులో ఆ రెండూ ఒక గూటివే.

మనిషికో అభిరుచి ఉంటుందని ఒప్పుకునే మిక్స్‌డ్ లాజిట్ కూడా ఉంది గానీ, మూడు వందల కార్డులతో దాని జోలికి నేను పోను.

నెస్టెడ్ లాజిట్‌లో గుణకం ఒకటి అని తేలితే అది మొదటి పద్ధతిగానే మారిపోతుంది కనుక పోయేదేమీ లేదు. ఒకటి దాటిందంటే మాత్రం గూడు కట్టిన తీరునే అనుమానించాలి. అప్పుడు ఆటోను బస్సు పక్క నుంచి తీసి విడిగా పెట్టి, మళ్లీ లెక్క వేయవలసిందే.