కౌన్సెలర్లకు కరుణ శిక్షణ: ఎనిమిది ఆదివారాలు కూర్చుని వచ్చాను

ముందు డబ్బు సంగతి. ఎనిమిది ఆదివారాలకు 4,500 రూపాయలు. టెక్కలి నుంచి శ్రీకాకుళానికి బస్సు ఛార్జీ మనదే. "జనం ఏడుపులు వినడానికి నీకు జీతం ఇస్తున్నారు, బాగానే ఉంది. దయగా ఉండడం నేర్చుకోవడానికి నువ్వు ఎదురు కట్టడం ఏమిటమ్మా?" అని మా అత్తగారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పదకొండేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక ఉద్దానం ఊళ్లలో తిరిగాను. ఒక తోటలో ఒక పెద్దాయన పడిపోయిన కొబ్బరి చెట్ల మధ్య నడుస్తూ, ఏ చెట్టు ఏ బిడ్డ పుట్టిన ఏడు నాటాడో వరసగా చెప్పుకుంటూ పోయాడు. నలభై రెండు చెట్లు. అన్నీ విన్నాను. ఆ తర్వాత చాలా నెలలు ఇంట్లో దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టినా ఉలిక్కిపడేదాన్ని. అది నా మంచితనానికి గుర్తనుకున్నాను. నిద్ర పట్టని కౌన్సెలరే నిజాయితీ గల కౌన్సెలర్ అని నాకొక మొండి నమ్మకం.

ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, మేడమీద హాలు. మొదటి రోజు ముప్పై ప్రశ్నల కాగితం ఇచ్చారు. సాయం చేసే వృత్తుల వాళ్ల కోసం తయారైన కొలమానం అది. పనిలో తృప్తి, అలసట, ఇతరుల గాయం మనకు అంటుకోవడం, ఈ మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 5 వరకు గుర్తు పెట్టాలి. ఎదుటివాళ్లు పడ్డ బాధ తలుచుకుని నిద్ర పోగొట్టుకుంటున్నారా అన్న ప్రశ్నకు నేను 4 పెట్టాను. పక్కన కూర్చున్న పలాస నర్సు నా కాగితంలోకి తొంగిచూసి, తన 3 కొట్టేసి 5 చేసింది.

రెండో వారం చెప్పిన విషయానికే నా డబ్బులు వచ్చేశాయి. తానియా సింగర్, ఓల్గా క్లిమెకి అనే మనస్తత్వ శాస్త్రవేత్తల బృందం చేసిన పరిశోధన అది. ఎదుటివాళ్ల బాధను తామూ అనుభవించడంలో శిక్షణ ఇచ్చినప్పుడు, బాధాకరమైన వీడియోలు చూసినవాళ్ల మనసు ఇంకా కుంగిందట. ఆ తర్వాత వాళ్లకే కరుణ సాధన నేర్పితే కుంగుబాటు తగ్గి, ఆప్యాయత లాంటి మంచి భావాలు పెరిగాయట. మెదడులో ఈ రెండింటికీ చురుకయ్యే భాగాలు కూడా వేరు. అంటే నేను పదకొండేళ్లుగా మొదటి పని చేస్తూ, దానికి రెండోదాని పేరు పెట్టుకున్నాను.

పేరు అంటే గుర్తొచ్చింది. ఆ రోజు సగం తరగతి మాటల తగాదాతోనే గడిచింది. జాలి, దయ, కరుణ ఒకటేనా? పలాస నర్సు తేల్చేసింది: "జాలిపడితే ఎదుటి మనిషి కిందికి దిగిపోతాడు మేడమ్. అయ్యో పాపం అనేసి మనం ఇంటికి పోతాం." శిక్షకురాలు బోర్డు మీద జాలి కొట్టేసింది. పాఠం కన్నా ఆ చర్చే బాగుంది.

సాధన వినడానికి తేలిక. కళ్లు మూసుకుని, మనకు ఇష్టమైన మనిషి బాధ తగ్గాలని కోరుకోవాలి. తర్వాత మనకు మనమే కోరుకోవాలి. ఆ తర్వాత ముక్కూముఖం తెలియనివాళ్లకు, చివరికి గిట్టనివాళ్లకు. గిట్టనివాళ్ల దగ్గర కూడా నాకు అంత కష్టం కాలేదు కానీ, నా దగ్గరికి వచ్చేసరికి మాట పెగల్లేదు. మూడు వారాలు అక్కడే ఆగిపోయాను. టిబెటన్ పండితుడు తుప్టెన్ జిన్పా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఎనిమిది వారాల పద్ధతి గురించి గొప్పగా చెప్పారు. మంచిదే. ఈ సాధన మూలం బౌద్ధమే. అయినా పాతిక కిలోమీటర్లలోపు వంశధార గట్టున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు పెట్టుకుని, వాటి పేరైనా ఎత్తకపోవడం మాత్రం నాకు వింతగా తోచింది.

ఆరో వారంలో పరీక్ష ఎదురైంది. పంతొమ్మిదేళ్ల అమ్మాయి రెండు గంటలు మాట్లాడింది. మధ్యలో నేను ఊపిరి బిగబట్టానని నాకే తెలిసింది. అరికాళ్లు నేలకు ఆనించి, మెల్లగా ఊపిరి వదిలి, "నీ బాధ తగ్గాలి తల్లీ" అని లోపలే అనుకున్నాను. ఆమె చెప్పింది ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా విన్నాను. ఆమె వెళ్లాక మంచినీళ్ల గ్లాసు కడిగి బోర్లించి, ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. ఇంతకు ముందైతే అలాంటి రోజు కంచం ముందు కూర్చునేదాన్ని కాదు.

లోపాలూ ఉన్నాయి. కింద పెళ్లిళ్ల హాలు. కరుణ ధ్యానం మధ్యలో బ్యాండు మేళం. తెలుగు కాగితాలు ఎవరు రాశారో కానీ "స్వీయ కరుణాత్మక స్పర్శ" అంటే గుండె మీద చెయ్యి పెట్టుకోవడమని అడిగితే తప్ప తెలియలేదు. ఇంట్లో సాధనకు ఇచ్చిన ఆడియోలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

చివరి వారం అదే కాగితం మళ్లీ నింపాం. నిద్ర ప్రశ్నకు ఈసారి 2 పెట్టాను. అలసట వరస మాత్రం ఉన్నచోటే ఉంది. ఎందుకుండదు? రోజుకు తొమ్మిది మందిని చూడాలి, కష్టమైన కేసు గురించి మాట్లాడుకోవడానికి పైన ఒక అనుభవజ్ఞురాలు లేదు. అలా పని పంచేవాళ్లను కూడా ఈ జంపఖానా మీద కూర్చోబెట్టాలి. పని భారం తగ్గుతుందనుకుంటే మీ 4,500 దాచుకోండి. విన్నవి ఇంటిదాకా వెంట వస్తున్నాయంటే మాత్రం వెళ్లండి.

ఆడియోల కోసం ఆగకండి. నేనే తెలుగులో చెప్పి ఫోనులో రికార్డు చేసుకున్నాను. మధ్యలో కుక్కరు మూడుసార్లు కూస్తుంది. అడిగినవాళ్లకు అలాగే పంపుతున్నాను.